కంపెనీ లాప్‌టాప్‌ల బాధ్యతను నెలవారీ చందా సర్వీసుకు అప్పగించడం ఎలా?

"అన్నా, నా లాప్‌టాప్ ఆన్ ఐతలేదు."

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఈ మాట వినపడిందంటే మా ఆఫీసులో ఇద్దరి పని ఆగిపోయేది. లాప్‌టాప్ పాడైన అమ్మాయి పని ఒకటి, దాన్ని చూడటానికి లేచిన అకౌంట్స్ అబ్బాయి పని ఇంకొకటి. మాది హన్మకొండలో 35 మంది పనిచేసే ఆఫీసు, ఆసుపత్రుల బిల్లింగ్ పని. కంప్యూటర్లు చూసుకోవడానికంటూ ప్రత్యేకంగా మనిషి లేడు. అకౌంట్స్ అబ్బాయికి కాస్త తెలుసు కాబట్టి అన్నీ అతని నెత్తిన పడేవి. మదర్‌బోర్డ్ పోతే ఎవరో ఒకరు బస్సెక్కి హైదరాబాద్ సర్వీసు సెంటర్‌కు పట్టుకెళ్లేవారు. అది తిరిగి వచ్చేలోపు ఆ అమ్మాయి పక్కవాళ్ల షిఫ్టు అయిపోయేదాకా కూర్చుని, వాళ్ల సిస్టంలో పని చేసుకునేది.

మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా లాంటి పెద్ద కంపెనీలు సెంటర్లు తెరిచాయి. ఆ స్థాయి కంపెనీలకు సొంత ఐటీ టీములుంటాయి. ఇరవై, నలభై, ఎనభై మందితో నడిచే మనలాంటి ఆఫీసులకు ఆ వీలుండదు. అలాంటివాళ్లకు పనికొచ్చేదే ఈ నెలవారీ చందా పద్ధతి. ఒక్కో లాప్‌టాప్‌కు నెలకింత అని కడతారు. మిషన్ ఇవ్వడం, సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, అప్‌డేట్లు, రిపేరు, పాతబడ్డాక మార్చడం అన్నీ సర్వీసు సంస్థే చూసుకుంటుంది. దీన్నే 'డివైస్ యాజ్ ఎ సర్వీస్' అంటారు.

పదిలోపు మిషన్లుంటే దీని జోలికి వెళ్లొద్దని నా సలహా. మంచి ఆన్‌సైట్ వారంటీతో (అంటే కంపెనీ మనిషే ఆఫీసుకొచ్చి బాగుచేసేది) కొనుక్కుని, ఊళ్లో నమ్మకమైన మెకానిక్‌ను పెట్టుకుంటే సరిపోతుంది. పదిహేను దాటితే మాత్రం ఆలోచించాల్సిందే. మేం ఎలా చేశామో, ఎక్కడ దెబ్బతిన్నామో కలిపి, మీరు చేయాల్సిన పనులు వరసగా చెబుతాను.

1. ముందు లెక్క తీయండి

ఏ సర్వీసు సంస్థకూ ఫోన్ చేయకముందే ఈ పని పూర్తి చేయాలి. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి, ప్రతి లాప్‌టాప్‌కూ ఒక వరస పెట్టండి: సీరియల్ నంబరు, ఎవరి దగ్గరుంది, మోడల్, కొన్న తేదీ, వారంటీ ఎప్పటిదాకా, ర్యామ్ ఎంత, విండోస్ హోమా ప్రోనా, డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు వేసే తాళం) ఉందా లేదా, ఛార్జర్ ఒరిజినలా కాదా. ఎవరినీ నోటిమాటగా అడిగి రాసుకోకండి. మిషన్ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి రాయండి.

మా దగ్గర బిల్లుల ప్రకారం 34 ఉండాలి. చేతికి దొరికినవి 31. ఒకటి ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలైన మనిషి దగ్గరే ఉండిపోయింది. ఇంకొకటి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మూడోది బీరువాలో ఫైళ్ల కింద దొరికింది. తీసి బల్లమీద పెడితే సమంగా కూర్చోలేదు, ఊగింది. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచి ఉంది, మూతకూ కిందిభాగానికీ మధ్య గోరు దూరేంత సందు. బ్యాటరీ ఉబ్బిందన్నమాట. మన దగ్గర మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే కదా. ఆ వేడికి తోడు రోజంతా ఛార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీలు తొందరగా చెడతాయి. ఇలాంటిది కనపడితే దాన్ని ఛార్జింగ్ పెట్టకండి, మూత నొక్కి సరిచేయాలని చూడకండి. కాగితాలకు, గుడ్డలకు దూరంగా విడిగా పెట్టి, బ్యాటరీ మార్చడం తెలిసినవాళ్లకు ఇవ్వండి.

లెక్క తీసేటప్పుడు రెండు విషయాలు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో అయి ఉండాలి. అంతకంటే పాతవాటి ఎదురుగా 'మార్చాలి' అని రాసేయండి. రెండోది, హోమ్ ఎడిషన్ ఉన్న మిషన్లను కంపెనీ ఖాతాకు పూర్తిగా కలపడం కుదరదు, ప్రో కావాలి. షాపులో చవగ్గా వస్తున్నాయని కొన్నవాటిలో చాలావరకు హోమే ఉంటుంది. ఆ అప్‌గ్రేడ్ ఖర్చు తర్వాత బయటపడితే బాధగా ఉంటుంది, ముందే లెక్కలో వేసుకోండి.

2. ఏది అప్పగించాలో తేల్చుకోండి

సర్వీసు సంస్థలు మూడు రకాల బేరాలు ఇస్తాయి. మిషన్ వాళ్లది, నిర్వహణా వాళ్లదే అనేది మొదటిది. మిషన్లు మీవి, నిర్వహణ మాత్రం వాళ్లది అనేది రెండోది. మిషన్ అద్దెకిచ్చి మిగతాదంతా మీరే చూసుకోమనేది మూడోది. ఈ మూడోదాన్ని కూడా చందా పేరుతోనే అమ్మేవాళ్లున్నారు, కొటేషన్ జాగ్రత్తగా చదవండి.

అన్నీ ఒకేసారి మార్చాల్సిన పనిలేదు. వారంటీ ఉన్న మిషన్లను మా దగ్గరే ఉంచుకుని రెండో రకంలో పెట్టాం. 'మార్చాలి' అని రాసినవాటి స్థానంలో మాత్రం చందా మిషన్లు తీసుకున్నాం. పాతవి ఒక్కొక్కటీ పోయేకొద్దీ చందాలోకి మారుతున్నాం. చేతిలో ఉన్న సొత్తు వృథా కాలేదు, నెలవారీ భారం కూడా ఒక్కసారిగా పడలేదు.

3. డబ్బు లెక్క మూడేళ్లకు వేయండి

నెలకు ఇంతే అంటే చిన్నదిగా కనిపిస్తుంది. 36తో గుణించి చూడండి. ఒక ఉదాహరణ చెబుతాను, అంకెలు లెక్క అర్థం కావడానికే. లాప్‌టాప్ 60,000, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ 6,000 అనుకుందాం. నిర్వహణ సాఫ్ట్‌వేర్, యాంటీవైరస్ కలిపి నెలకు 400 చొప్పున 14,400. మీ మనిషి దానిమీద పెట్టే సమయానికి నెలకు 300 చొప్పున 10,800. మొత్తం 91,200. మూడేళ్ల తర్వాత అమ్మితే 10,000 వచ్చిందనుకుంటే నికరంగా 81,200, అంటే నెలకు దాదాపు 2,256. సర్వీసు సంస్థ 2,400 అడిగితే మూడేళ్లలో ఒక్కో మిషన్‌కు 5,200 ఎక్కువ పడుతుంది. టెన్షన్ తగ్గినందుకు అది ఇవ్వొచ్చు. అదే 3,200 అడిగితే 34,000 ఎక్కువ, ముప్పై మిషన్లకు 10 లక్షలు దాటుతుంది. అప్పుడు ఒక మనిషిని ఉద్యోగంలో పెట్టుకోవడం నయమేమో చూడాలి.

మీ మనిషి సమయాన్ని లెక్కలో వేయడం మాత్రం మరచిపోకండి. అందరూ వదిలేసేది అదే. మా అకౌంట్స్ అబ్బాయి ఒక నెలపాటు ప్రతి ఫిర్యాదుకూ ఎంతసేపు పట్టిందో డైరీలో రాశాడు. నెలాఖరున కూడితే నాలుగు పనిదినాలు తేలింది. జీఎస్టీ రిటర్నుల సమయంలో అతను రాత్రి తొమ్మిది దాకా ఎందుకు కూర్చుంటున్నాడో నాకప్పుడు అర్థమైంది.

పన్నుల సంగతి మీ సీఏతో కూర్చుని మాట్లాడండి. కొన్న కంప్యూటర్లకు ఆదాయపు పన్ను లెక్కల్లో 40 శాతం తరుగుదల ఉంటుంది, చందా అయితే ఆ ఏడాది ఖర్చుగా రాసుకోవచ్చు. లాప్‌టాప్ కొన్నా, అద్దెకు తీసుకున్నా జీఎస్టీ 18 శాతం. మీరు జీఎస్టీ కట్టే వ్యాపారమైతే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. ఆసుపత్రి, బడి లాంటి మినహాయింపు సేవలైతే రాదు, ఆ 18 శాతం నేరుగా మీ ఖర్చే. చందా బిల్లులపై టీడీఎస్ కోయాలా, ఏ పద్దు కింద కోయాలి అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

4. సర్వీసు సంస్థను అడగాల్సినవి

మొదటి ప్రశ్న: మీ మనిషి ఎక్కడుంటాడు? హైదరాబాద్‌లో ఉంటాడంటే ఇక్కడికి దాదాపు 150 కిలోమీటర్లు. ఘట్‌కేసర్ దాటి రావడానికే ఎంతసేపు పడుతుందో మనకు తెలుసు. వరంగల్‌లోనే ఉంటాడంటే, కరీంనగర్ కూడా అతనే చూస్తాడా, ఎన్ని ఆఫీసులు చూస్తాడు అని అడగండి.

రెండో ప్రశ్న: '4 గంటల్లో స్పందన' అంటే ఏమిటి? ఫోన్ ఎత్తి టికెట్ నంబరు ఇవ్వడం కూడా వాళ్ల భాషలో స్పందనే. మీకు కావాల్సింది ఆ మనిషి మళ్లీ ఎప్పుడు పనిలో కూర్చుంటాడన్నది. అగ్రిమెంట్‌లో ఆ సమయమే రాయించండి.

దీనికి మేం కనుక్కున్న ఉపాయం స్పేర్ మిషన్. ప్రతి పదిహేను మందికి ఒక లాప్‌టాప్ చొప్పున అన్నీ ఎక్కించి సిద్ధంగా మా బీరువాలోనే పెట్టమన్నాం. ఒకటి పాడైతే బీరువా తాళం తీసి స్పేర్ ఇస్తాం, ఆ మనిషి తన మెయిల్‌తో లాగిన్ అవుతాడు. ఫైళ్లన్నీ క్లౌడ్‌లో ఉంటాయి కాబట్టి టీ తాగి వచ్చేలోపు పని మొదలవుతుంది. పాడైనది బాగయ్యేసరికి రెండు రోజులైనా ఇబ్బంది లేదు. కొన్ని సంస్థలు స్పేర్‌కు కూడా పూర్తి చందా అడుగుతాయి. ఒప్పుకోకండి, బేరమాడండి. మాకు సగానికి వచ్చింది.

మూడోది: రాత్రి షిఫ్టు ఉంటే రాత్రి రెండింటికి ఫోన్ ఎవరు ఎత్తుతారు? అమెరికా పని చేసే ఆఫీసులకు ఇది ప్రాణం లాంటిది. కొటేషన్ మీద '24 గంటలు' అని ఉన్నా, ఒక రాత్రి నిజంగానే ఫోన్ చేసి చూడండి.

నాలుగోది: నీళ్లు, కిందపడటం, దొంగతనం. మా ఆఫీసు పిల్లల్లో ఎక్కువమంది బండిమీద వచ్చేవాళ్లే, కొందరు పరకాల, నర్సంపేట వైపు నుంచి కూడా వస్తారు. వర్షంలో బ్యాగు తడుస్తుంది, గుంతలో బండి జారుతుంది. వీటిలో దేనికీ మామూలు వారంటీ వర్తించదు. ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి కవర్ ఉందా, ఏడాదికి ఎన్నిసార్లు, ప్రతిసారీ మనం కట్టాల్సింది ఎంత, దొంగతనమైతే ఎఫ్‌ఐఆర్ ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అని కాగితం మీద పెట్టించండి. 2023 జులై చివర్లో హన్మకొండ కాలనీలు నీట మునిగినప్పుడు లాప్‌టాప్‌లు ఇంటి అటకమీద పెట్టుకుని కూర్చున్నవాళ్లు మాలోనూ ఉన్నారు. వరద నష్టం కవర్‌లో ఉందో లేదో విడిగా అడగండి.

5. తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి

మిగతావన్నీ తొందరగా చదివినా ఇది నిదానంగా చదవండి.

చందా సర్వీసుకు ముందు మేం ఒకతనితో మెయిళ్లు, లాప్‌టాప్‌లు సెట్ చేయించాం. పని బాగా చేశాడు. కానీ అడ్మిన్ ఖాతాను తన సొంత మెయిల్‌తో తెరిచాడు. ఏడాది తర్వాత ఒక లాప్‌టాప్ అప్‌డేట్ అయి, నీలిరంగు తెరమీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. అది బిట్‌లాకర్ కీ, డిస్క్‌కు వేసిన తాళం. అది ఎక్కడుందో అతనికొక్కడికే తెలుసు. అతని ఫోన్ కలవలేదు. మా బిల్లింగ్ టీం లీడర్ ఆ నీలితెర ముందు రెండు రోజులు కూర్చుంది. నెలాఖరు ఫైళ్లు అందులోనే ఉన్నాయి. కీ దొరకలేదు, డిస్క్ తుడిచేసి మొదటినుంచి ఎక్కించాం. ఆమె నెల రోజుల పని మళ్లీ చేసింది. ఆ నెల ఆమె ముఖం చూడటానికి నాకు కష్టమైంది.

కాబట్టి పని అప్పగించండి, తాళాలు మాత్రం ఇవ్వకండి. చేయాల్సింది ఇది. కంపెనీ డొమైన్ (వెబ్‌సైటుకు, మెయిళ్లకు వాడే చిరునామా) కంపెనీ పేరుమీదే ఉండాలి. మైక్రోసాఫ్ట్ 365 గాని, గూగుల్ వర్క్‌స్పేస్ గాని ఏది వాడినా ఆ ఖాతా మీ కంపెనీ పేరుతో, మీ బిల్లింగ్‌తో తెరవాలి. అందులో పూర్తి అధికారాలున్న అడ్మిన్ ఖాతాలు రెండు ఉంచండి, ఒకటి యజమాని దగ్గర, రెండోది ఇంకొక బాధ్యుడి దగ్గర. ఒకరి ఫోన్ పోయినా ఇంకొకరు తెరవగలగాలి. సర్వీసు సంస్థకు మిషన్లు చూసుకోవడానికి సరిపడా పరిమిత అధికారమే ఇవ్వండి. బిట్‌లాకర్ కీలు మీ ఖాతాలోకే చేరేలా సెట్ చేయించి, ఒక మిషన్ సీరియల్ నంబరు చెప్పి 'దీని కీ నాకు ఇప్పుడు చూపించండి' అని అడగండి. కళ్లతో చూసేదాకా నమ్మకండి. మ్యాక్‌బుక్‌లుంటే వాటిని నిర్వహించడానికి యాపిల్ దగ్గర తెరిచే బిజినెస్ ఖాతా కూడా మీ కంపెనీ పేరుతోనే ఉండాలి.

చట్టం వైపు నుంచి చూసినా ఇదే దారి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో వచ్చిన డీపీడీపీ చట్టం ప్రకారం, డేటా పనిని బయటివాళ్లకు అప్పగించినా బాధ్యత మీదే. వాళ్లతో సరైన ఒప్పందం ఉండాలి. డేటాకు తగిన రక్షణ ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు అప్పటినుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. ఇక సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ దాడి లాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి. సర్వీసు సంస్థ మీకు మర్నాడు చెబితే ఆ 6 గంటలు ఎప్పుడో దాటిపోతాయి. అందుకే 'ఏదైనా తేడా కనపడితే 2 గంటల్లో మాకు ఫోన్ చేయాలి' అని మా అగ్రిమెంట్‌లో రాయించాం.

6. అగ్రిమెంట్ చివరి పేజీలు ముందు చదవండి

రేటు మొదటి పేజీలో ఉంటుంది, ఇబ్బంది పెట్టేవి చివర్లో ఉంటాయి. మధ్యలో పదిమంది మానేస్తే పది మిషన్లు వెనక్కి ఇవ్వొచ్చా, లేక మూడేళ్లూ కట్టాలా? ఏటా రేటు ఎంత పెంచుతారు? గీతలు పడితే, కీబోర్డ్ అక్షరాలు చెరిగితే అది సహజమైన అరుగుదలగా చూస్తారా, డబ్బు కోస్తారా? మిషన్ తీసుకున్న రోజునే నాలుగు వైపులా ఫోటోలు తీసి, సీరియల్ నంబరు కనపడేలా భద్రపరచుకోండి. తిరిగిచ్చే రోజు వాదన ఉండదు.

7. ఐదు మిషన్లతో మొదలుపెట్టండి

నెల రోజులు ఐదుగురికి మాత్రమే ఇవ్వండి. కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లనే ఎంచుకోకండి. మేం ఇచ్చినవాళ్లలో ఒకరు ఏ మెసేజ్ వచ్చినా 'ఓకే' నొక్కేసేవారు, ఒకరు జనగామ దగ్గర ఊళ్లో ఇంటినుంచి పనిచేసేవారు. ఆ ఊరి నెట్‌తో నడిస్తే ఎక్కడైనా నడుస్తుంది.

విండోస్ ఆటోపైలట్ అనే ఏర్పాటు ఉంటే కొత్త లాప్‌టాప్ నేరుగా ఉద్యోగి ఇంటికే చేరుతుంది. డబ్బా విప్పి, వైఫై కలిపి, కంపెనీ మెయిల్‌తో లాగిన్ అయితే కావాల్సిన సాఫ్ట్‌వేర్, సెట్టింగులు, డిస్క్ తాళం వాటంతట అవే ఎక్కుతాయి. దీన్ని మీ ముందు ఒకసారి చేసి చూపించమనండి.

ఈ నెలలోనే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. మా వాళ్ల మొదటి ప్రశ్న, "సార్, మేం ఏం చూస్తున్నమో మీకు కనపడ్తదా?" న్యాయమైన ప్రశ్న. ఏం కనపడుతుంది, ఏం కనపడదు అన్నది సర్వీసు సంస్థను అడిగి, తెలుగులో ఒక కాగితంమీద రాసి ఇచ్చాం. సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ వాడేవాళ్లకు ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ పెట్టించండి. ఆఫీసు యాప్‌లు ఒక అరలో ఉంటాయి, వాళ్ల ఫోటోలు, సొంత మెసేజ్‌లు కంపెనీకి కనపడవు. ఉద్యోగం మానేస్తే ఆఫీసు అర మాత్రమే చెరిగిపోతుంది.

8. నెలకొకసారి అరగంట

బిల్లు రాగానే రెండు లెక్కలు పక్కపక్కన పెట్టండి: బిల్లులోని మిషన్లు, జీతాల పట్టీలోని మనుషులు. తేడా ఉంటే అడగండి. మానేసినవాళ్ల మిషన్లకు రెండు నెలలు చందా కట్టిన తర్వాత మాకు ఈ అలవాటు వచ్చింది. ఎన్ని మిషన్లకు అప్‌డేట్లు పెండింగ్‌లో ఉన్నాయో కూడా ఆ రోజే చూడండి.

ఎవరైనా మానేసే రోజున ముందు ఖాతా ఆపించి, తెరిచి ఉన్న లాగిన్లన్నీ మూయించండి. తర్వాత లాప్‌టాప్, ఛార్జర్, బ్యాగు తీసుకుని, సీరియల్ నంబరు చూసి సంతకం పెట్టించుకోండి. ఇద్దరికీ ఒక్కో కాపీ. ఇవన్నీ అయ్యాకే ఆఖరి జీతం.

9. తిరిగిచ్చేటప్పుడు

మూడేళ్లు నిండి మిషన్లు వెనక్కి వెళ్లేముందు డేటా తుడిపించి, ప్రతి సీరియల్ నంబరుకూ తుడిచినట్టు సర్టిఫికెట్ తీసుకోండి. ఆ నంబర్లను మీ ఆటోపైలట్ జాబితాలోంచి కూడా తీసేయాలి, లేకపోతే తర్వాత కొన్నవాళ్లు ఆన్ చేసినప్పుడు మీ కంపెనీ లాగిన్ పేజీయే వస్తుంది. మీ సొంత పాత మిషన్లను పాతసామాన్ల బండికి వేయకండి. ఈ-వేస్ట్ నియమాలు 2022 కింద రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వండి. ఆ రసీదును, తుడిచిన సర్టిఫికెట్‌ను మొదటిరోజు తీసిన లెక్క షీటుతో కలిపి ఒకే ఫైల్లో పెట్టి, ఆ మిషన్ వరస ఎదురుగా 'తిరిగిచ్చాం' అని తేదీ వేయండి.